ఒకే సరస్సు చేప, రెండు తీర్ల గుడ్డు

పులికాట్ సరస్సులో చలికాలమంతా రెండు రకాల పక్షులు ఒకే నీటిలో చేపలు పడుతుంటాయి. ఒకటి గూడబాతు. నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూడు కట్టుకుని, సుమారు 20 కిలోమీటర్లు ఎగిరి వచ్చి, ముక్కు కింది సంచితో చేపలు పట్టి, మింగి తీసుకుపోతుంది. రెండోది టెర్న్. సన్నని ఒళ్లు, కోసుగా ఉండే రెక్కలు. నీటి మీద ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నపళంగా కిందికి దూకి వేలెడంత చేపను ముక్కున కరుచుకుంటుంది. రెండింటి తిండీ చేపే. ఆ చేప గుడ్డుగా మారే తీరు మాత్రం రెండింటిలో పూర్తిగా వేరు. గూడబాతు గుడ్డు పగలగొడితే తెల్లసొన విస్తారంగా ఉండి పచ్చసొన చిన్నదిగా కనిపిస్తుంది. టెర్న్ గుడ్డులో పచ్చసొన వాటా అంతకంటే బాగా ఎక్కువ. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఆ పక్షి ఎక్కడ మేస్తుంది, గూటికి ఎన్ని రోజులకోసారి వస్తుంది, పిల్లను ఎంతకాలం సాకుతుంది, ఎన్ని పిల్లల మీద ఆశ పెట్టుకుంటుంది అన్నవన్నీ బయటపడతాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక సూళ్లూరుపేట, దొరవారిసత్రం, తడ మండలాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. కొండ కింది ఊరుగానే లోకానికి తెలిసిన తిరుపతి పేరుతో ఇప్పుడు సముద్రతీరం కూడా ఉంది. ఏటా సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండగకు వచ్చే జనం రాజహంసలను చూసి మురిసిపోతారు. రాజహంసలు ఇక్కడికి మేతకే వస్తాయి, గుడ్లు పెట్టడానికి కాదు. గుడ్డు సంగతి తెలుసుకోవాలంటే చూడాల్సింది గూడబాతులను, టెర్న్‌లను, వాటితో పాటు దూర సముద్రాల్లో బతికే వాటి దాయాదులను.

గుడ్డు గురించి ఈ ప్రాంతంలో అనుభవానికి కొదవ లేదు. కోడిగుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. చిత్తూరు వైపు కోళ్ల ఫారాల్లో, హ్యాచరీల్లో పనిచేసేవాళ్లకు గుడ్డు లోపలి లెక్కలు కొట్టినపిండి. అందుకే కోడిగుడ్డునే కొలతగా పెట్టుకుందాం. సుమారు 58 గ్రాముల కోడిగుడ్డులో పెంకు పదో వంతు, తెల్లసొన పదింట ఆరు వంతులకు కాస్త అటూ ఇటూ, పచ్చసొన పదింట మూడు వంతులు. తెల్లసొనలో 88 శాతం నీళ్లే, మిగిలినదంతా దాదాపు ప్రొటీన్. పచ్చసొనలో నీళ్లు సగమే. మిగతా సగంలో మూడింట రెండు వంతులు కొవ్వు. కాబట్టి గుడ్డులో శక్తి ఎంత ఉందో పచ్చసొన చెబుతుంది. తెల్లసొన నీటినీ, ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన ప్రొటీన్‌నూ అందిస్తుంది. లోపలి పిండానికి పచ్చసొన సద్దిమూట అనుకుంటే, ఎంత మూట కట్టాలన్నది ప్రయాణం ఎంత దూరమో, దారిలో పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం.

కోడిపిల్ల పెంకు పగలగొట్టుకుని వచ్చిన రోజే నడుస్తుంది, గింజ ఏరుకుంటుంది. ఒళ్లంతా నూగు, కళ్లు తెరిచే ఉంటాయి. గూడబాతు పిల్ల అలా కాదు. అది పుట్టినప్పుడు ఒంటి మీద ఈకముక్క ఉండదు, కళ్లు తెరవలేదు, తల నిలపలేదు. తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. అంటే గుడ్డు లోపల జరగాల్సిన పని చాలావరకు గూటిలో జరగడానికి వాయిదా పడిందన్నమాట. అలాంటి పిల్లను తయారుచేయడానికి గుడ్డులో కొవ్వు అంతగా అవసరం ఉండదు. గూడబాతులు, నీటికాకులు, బూబీలు, గానెట్లు ఉన్న వర్గమంతా ఇలాంటిదే. ఉత్తర అట్లాంటిక్ గానెట్ గుడ్డు 100 గ్రాములు దాటుతుంది, పచ్చసొన మాత్రం ఐదో వంతు కూడా రాదు. పుట్టీపుట్టగానే పరిగెత్తే పిల్లల జాతుల్లో గుడ్డు సరుకు గ్రాముకు 8 కిలోజూళ్ల దాకా శక్తి ఉంటే, నిస్సహాయంగా పుట్టే పిల్లల జాతుల్లో 5 కిలోజూళ్ల లోపే. గ్రాము లెక్కన చూస్తే గూడబాతు గుడ్డు చవక.

టెర్న్‌లు, సీగల్స్ ఈ రెండింటికీ నడిమధ్యన ఉంటాయి. వాటి పిల్ల నూగుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గూడు వదిలి నాలుగడుగులు వేసి గడ్డి చాటున, రాయి చాటున నక్కగలదు. తిండి మాత్రం అమ్మానాన్నలే తెచ్చిపెట్టాలి. ఇసుక తిన్నె మీద, దాపు ఏమీ లేని చోట పెట్టిన గుడ్డు అది. కాకి, గద్ద, కుక్క, నక్క ఏదైనా రావచ్చు. కదలలేని పిల్ల అక్కడ ఒక్కపూట కూడా మిగలదు. గూడబాతు గూడు నీటిలో నిలబడిన చెట్టు కొమ్మల మీద ఉంటుంది, కింద చెరువు నీళ్లే కాపలా. అందుకని దాని పిల్ల నిదానంగా మూడు నెలలకు పైగా గూటిలో పెరగగలదు. టెర్న్ గుడ్డులో పచ్చసొన మూడో వంతుకు దగ్గరగా ఉండటానికి ఆ ఇసుక తిన్నె మీది ప్రమాదం ఒక పెద్ద కారణం.

ఇక్కడ ఇంకో లెక్క తీయాలి. గూడబాతు తల్లి నాలుగు నుంచి ఆరు కిలోల దాకా తూగుతుంది. గుడ్డు 120 గ్రాముల ప్రాంతం. తల్లి బరువులో 3 శాతం దాటదు. మూడు గుడ్లు పెట్టినా ఆమె మీద పడే భారం పదో వంతు లోపే. చిన్న టెర్న్ తల్లి 50 గ్రాముల పైచిలుకు. గుడ్డు దాదాపు 10 గ్రాములు. మూడు గుడ్లు పెట్టిందంటే కొద్దిరోజుల వ్యవధిలో తన బరువులో సగానికి పైగా బయటపెట్టిందన్నమాట, అదీ కొవ్వు దండిగా ఉన్న సరుకు. ఆ చేపలన్నీ ఆ కొద్దిరోజుల్లో ఎవరు పట్టాలి? మగ టెర్న్ పట్టాలి. జత కట్టే రోజుల్లో మగది చేప తెచ్చి ఆడదాని నోట్లో పెట్టడం చూసినవాళ్లు దాన్ని ముద్దుముచ్చట అనుకుంటారు. ఇయాన్ నిస్బెట్ కామన్ టెర్న్‌ల మీద చేసిన పరిశోధన 1973లో వెలువడింది. మగది బాగా మేపిన జంటల్లో గుడ్ల మొత్తం బరువు ఎక్కువగా ఉందనీ, ఆ గూళ్లలో పిల్లలు ఎక్కువగా దక్కాయనీ అందులో తేలింది. ముద్దుముచ్చట మాట ఎలా ఉన్నా, ఆ చేపలు నేరుగా పచ్చసొనలోకి చేరుతున్నాయి.

ఇప్పుడు పులికాట్ వదిలి దూరం పోవాలి. ఈ విషయంలో అన్నిటికంటే చక్కని ఉదాహరణ అక్కడే ఉంది. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న సముద్రపు పక్షి ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ దీవుల్లో నేలలో బొరియ తవ్వుకుని గుడ్డు పెడుతుంది. తల్లి బరువు 45 గ్రాములు, గుడ్డు 10 గ్రాములు. చిన్న టెర్న్‌తో దాదాపు సరిసమానం. అయినా టెర్న్ రెండు మూడు గుడ్లు పెట్టి సుమారు 20 రోజుల్లో పొదిగి, మరో మూడు వారాల్లో పిల్లలను ఎగరేస్తుంది. స్టార్మ్ పెట్రెల్ ఒకే ఒక్క గుడ్డు పెట్టి, 40 రోజులకు పైగా పొదిగి, ఆ పిల్లను రెండు నెలలు మేపుతుంది. 58 గ్రాముల కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్ల అవుతుంటే అందులో దాదాపు ఆరో వంతే ఉన్న గుడ్డుకు రెట్టింపు కాలం పడుతోంది. గుడ్డు పరిమాణాన్ని బట్టి పొదుగు కాలాన్ని అంచనా వేసే సూత్రాలు 10 గ్రాముల గుడ్డుకు 20 రోజులే చెబుతాయి. టెర్న్ ఆ సూత్రానికి లోబడింది. పెట్రెల్ లోబడలేదు.

తేడా అంతా మేత దూరంలో ఉంది. టెర్న్ గూటికి దగ్గర్లోనే, ఒడ్డు వెంట మేస్తుంది. గంటకోసారి పిల్లకు చేప పెట్టగలదు. స్టార్మ్ పెట్రెల్ మేసేది నడిసముద్రంలో, గూటికి వందల కిలోమీటర్ల అవతల. ఆడమగలు వంతులు వేసుకుని పొదుగుతాయి. ఒకటి గుడ్డు మీద రోజుల తరబడి పస్తుండి కూర్చుంటే రెండోది సముద్రం మీద తిరుగుతుంది. గాలివాన వచ్చి రెండోది ఆలస్యమైతే మొదటిది ఆకలికి తట్టుకోలేక గుడ్డును వదిలి వెళ్లిపోతుంది. గుడ్డు చల్లబడుతుంది. కోడిగుడ్డయితే అంతటితో సరి. స్టార్మ్ పెట్రెల్ గుడ్డులోని పిండం ఎదుగుదల ఆపుకుని ప్రాణంతో ఉంటుంది, తల్లి వచ్చి కూర్చోగానే మళ్లీ మొదలుపెడుతుంది. ఫోర్క్ టెయిల్డ్ స్టార్మ్ పెట్రెల్ గూళ్లను అలాస్కాలో గమనించినప్పుడు ఒక్కో గుడ్డు మొత్తం మీద సగటున 11 రోజులు దిక్కులేకుండా ఉన్నట్టు లెక్క తేలింది. ఆ ఓపికంతా పచ్చసొన పుణ్యమే. పెట్రెల్ జాతుల గుడ్డులో పచ్చసొన 40 శాతానికి దగ్గరగా ఉంటుంది. పిండం నెమ్మదిగా పెరిగినా బతికున్నన్ని రోజులూ దానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. పొదుగు కాలం రెట్టింపైతే ఆ ఖర్చూ పెరుగుతుంది. పిల్ల బయటికి వచ్చాక కూడా కొంత పచ్చసొన దాని పొట్టలో మిగిలి, తొలి మేత ఆలస్యమైనా కాపాడుతుంది.

పచ్చసొన ఎక్కువ పెట్టినంత మాత్రాన పని అయిపోదు, పెంకు కూడా సహకరించాలి. హ్యాచరీలో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. పొదుగు కాలంలో గుడ్డు నుంచి నీరు ఆవిరై బరువు తగ్గాలి. తగ్గకపోతే గాలి గది పెరగక పిల్ల ఊపిరాడక చస్తుంది. ఎక్కువ తగ్గితే పిల్ల ఎండి పెంకుకు అతుక్కుపోతుంది. అందుకే ఇంక్యుబేటర్లలో తేమను అంత జాగ్రత్తగా చూస్తారు, గుడ్డును లైటు ముందు పెట్టి గాలి గదిని పరీక్షిస్తారు. హెర్మన్ రాన్, ఆమోస్ ఆర్ అనే శాస్త్రవేత్తలు 1974లో రకరకాల పక్షుల లెక్కలు తీసి ఆశ్చర్యకరమైన విషయం బయటపెట్టారు. గుడ్డు చిన్నదైనా పెద్దదైనా, పొదుగు మూడు వారాలైనా పదకొండు వారాలైనా, పిల్ల వచ్చేనాటికి పోయే నీరు గుడ్డు తొలి బరువులో 15 శాతం ప్రాంతంలోనే ఉంటోంది. ఈ నీరంతా పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండానే పోతుంది. కోడిగుడ్డు పెంకులో అవి వేల సంఖ్యలో ఉంటాయి. స్టార్మ్ పెట్రెల్ పెంకుకు టెర్న్ పెంకుకు ఉన్నంత రంధ్రాల జోరు ఉంటే 40 రోజుల్లో అది 30 శాతం నీరు పోగొట్టుకునేది. అందుకని దాని పెంకు నీటిని సగం వేగంతోనే వదులుతుంది. ప్రాణవాయువు వచ్చేది కూడా ఆ రంధ్రాల గుండానే కనుక పిండానికి ఊపిరి సరఫరా తగ్గుతుంది. నిదానంగా పెరిగే పిండానికి ఆ కాస్త గాలి సరిపోతుంది. పెంకు, పచ్చసొన, కాలం, మేత దూరం ఒకదానికొకటి ఇలా ముడిపడి ఉన్నాయి. ఏ ఒక్కటి మారినా మిగతావి మారక తప్పదు. గుడ్డు గురించి చెప్పుకోవలసిన వాటిలో ఇంతకంటే అందమైన సంగతి ఇంకొకటి లేదు.

వేల కిలోమీటర్లు ఎగిరే ఆల్బట్రాస్‌లో ఇదే కథ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. వాండరింగ్ ఆల్బట్రాస్ గుడ్డు అరకిలోకు దగ్గరగా తూగుతుంది, పొదగడానికి 78 రోజుల ప్రాంతం పడుతుంది. రెండేళ్లకోసారే ఒక్క గుడ్డు.

టెర్న్, పెట్రెల్ వేర్వేరు వంశాలు కదా, తేడా వంశానిదేమో అన్న సందేహం న్యాయమైనదే. దానికి జవాబు ఆక్ పక్షుల కుటుంబంలో దొరుకుతుంది. ఉత్తరపు చల్లని సముద్రాల్లో బతికే ఈ ఒక్క కుటుంబంలోనే పిల్లను పెంచే పద్ధతులు మూడు నాలుగున్నాయి. పఫిన్ పిల్ల ఆరు వారాల దాకా బొరియలోనే కూర్చుని అమ్మానాన్నలు తెచ్చే చేపలు తింటుంది. గిల్లెమాట్ పిల్ల మూడు వారాల వయసులో, సరిగా ఎగరడం కూడా రాకుండానే కొండ అంచు నుంచి దూకి తండ్రి వెంట సముద్రంలోకి ఈదుకుంటూ పోతుంది. ఏన్షెంట్ మర్రెలెట్ పిల్లలు పుట్టిన రెండు రోజులకే రాత్రివేళ అడవి నేల మీద పరిగెత్తుకుంటూ వెళ్లి సముద్రంలో పడతాయి. గూటిలో ఒక్క ముద్ద కూడా తినవు. సముద్రంలో అమ్మానాన్నల గొంతు గుర్తుపట్టి వాటిని కలుసుకునేదాకా ఆ పిల్లలకు ఆధారం గుడ్డులో పెట్టి ఇచ్చినదే. 200 గ్రాముల పైచిలుకు తల్లి పెట్టే గుడ్డు 45 గ్రాములు, అంటే ఆమె బరువులో 22 శాతం. అలాంటివి రెండు, మధ్యన వారం రోజుల ఎడంతో. గుడ్డు ఒక్కోటి ఆ కుటుంబంలోని మిగతా జాతుల కంటే తల్లి బరువులో బాగా పెద్ద వాటా, పచ్చసొన వాటా కూడా ఎక్కువ. వంశం ఒకటే అయినా గూటిలో గడిపే రోజులు తగ్గేకొద్దీ గుడ్డు బరువెక్కింది.

అలాగని జీవన విధానం ఒక్కటే అన్నీ నిర్ణయిస్తుందనడం సరికాదు. ఫ్రిగేట్ పక్షి పిల్ల గూడబాతు పిల్లలాగే నగ్నంగా పుడుతుంది. ఆ లెక్కన గుడ్లు చవక కనుక రెండు మూడు పెట్టవచ్చు. అయినా ఫ్రిగేట్ ఒక్క గుడ్డే పెడుతుంది. నడిసముద్రంలో చేప పట్టి తెచ్చి రెండో పిల్లను సాకలేదు మరి. ఒక్కదాన్ని సాకడానికే నెలల తరబడి పడుతుంది. గుడ్డు ఖరీదు ఒక ఎత్తు, పిల్ల పోషణ ఖరీదు ఇంకో ఎత్తు. పెంగ్విన్లది మరో దారి. ఎంపరర్ పెంగ్విన్ గుడ్డు తల్లి బరువులో 2 శాతం ప్రాంతమే, కానీ పెంకు బాగా మందం. మంచు మీద నిలబడి కాళ్ల మీద పెట్టుకుని రెండు నెలలకు పైగా మోసే గుడ్డుకు ఆ మందం అవసరమే. పూర్వీకుల నుంచి వచ్చిన ఒంటి తీరును దాటి ఏ పక్షీ పోలేదు, ఆ హద్దుల లోపలే సర్దుబాటు చేసుకుంటుంది. ఈ రంగంలో వచ్చే విశ్లేషణల్లో జీవన విధానం, వంశం ఈ రెండింటిలో ఒకదాన్నే పట్టుకుని వేలాడేవి తరచూ కనిపిస్తాయి. వాటిని కాస్త అనుమానంగానే చదవాలి.

గూడబాతు సంగతికి వస్తే, చవక గుడ్డు వల్ల దానికో వెసులుబాటు దొరికింది. రెండు మూడు గుడ్లు పెట్టి, మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది. అందుకని పిల్లలు ఒక్కరోజున కాక ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి. చేపలు దండిగా ఉన్న ఏడాది అన్నీ బతకవచ్చు. లేని ఏడాది చిన్నది ఆకలితో పోతుంది, పెద్దది దక్కుతుంది. వినడానికి కఠినంగా ఉన్నా, ముందుగా ఏ ఏడాది ఎలా ఉంటుందో తెలియని తల్లికి ఇది సరైన ఏర్పాటు. ఆల్బట్రాస్‌కు ఈ వెసులుబాటు లేదు.

సీగల్స్‌లో వ్యవహారం ఇంకా సూక్ష్మంగా నడుస్తుంది. చాలా సీగల్ జాతులు మూడు గుడ్లు పెడతాయి, మూడోది సాధారణంగా చిన్నది. హెర్రింగ్ గల్‌లో చిన్న గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు తొలి రోజుల్లోనే ఎక్కువగా చనిపోతున్నాయని 1970లోనే చూపించారు. తల్లి మూడో పిల్లను వదులుకుందని అక్కడితో తేల్చేయవచ్చు. కానీ బ్లాక్ హెడెడ్ గల్ గుడ్ల పచ్చసొనను పరీక్షించినప్పుడు మొదటి గుడ్డు కంటే చివరి గుడ్డులో టెస్టోస్టిరాన్ ఎక్కువగా కనిపించింది. ఆ హార్మోన్ ఎక్కువగా అందిన పిల్ల నోరు గట్టిగా తెరిచి మేత అడుగుతుంది, త్వరగా పెరుగుతుంది. ఆలస్యంగా పుట్టే పిల్లకు తల్లి కొంత చొరవ కలిపి పంపుతోందన్నమాట. తిండి తక్కువ పెట్టి చొరవ ఎక్కువ ఇవ్వడం వల్ల చివరి లెక్క ఏమవుతుందన్నది ఆ ఏటి చేపల మీద ఆధారపడి ఉంటుంది. లెసర్ బ్లాక్ బ్యాక్డ్ గల్ గూళ్లలో గుడ్లు తీసేస్తూ తల్లులతో మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెట్టించిన ప్రయోగంలో చివరి గుడ్ల నాణ్యత పడిపోయింది. అదనంగా మేత పెట్టిన తల్లుల గుడ్లలో ఆ పతనం అంతగా లేదు. తల్లి తిండికీ గుడ్డు నాణ్యతకూ ఉన్న లంకె ఇంతకంటే సూటిగా రుజువు చేయడం కష్టం.

తల్లి ఎప్పుడు తిన్న తిండి గుడ్డులోకి చేరుతుంది అన్న ప్రశ్నకు జవాబు కోళ్ల శాస్త్రం నుంచే వచ్చింది. కాలిఫోర్నియాలో కోళ్ల పోషణ మీద పనిచేసిన గ్రావ్ అనే శాస్త్రవేత్త 1976లో పచ్చసొనను గట్టిపరచి, కోసి, పొటాషియం డైక్రోమేట్‌తో రంగు ఎక్కించి చూపించాడు. ముదురు, లేత వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనిపించాయి. ఒక్కో జత ఒక్కో రోజు. వలయాలు లెక్కపెడితే పచ్చసొన ఎన్ని రోజుల్లో తయారైందో తెలిసిపోతుంది. కోడిలో వారం పది రోజులు. ఇదే పద్ధతిని సముద్రపు పక్షుల గుడ్ల మీద పెట్టినప్పుడు న్యూజిలాండ్ ఫియోర్డ్‌లాండ్ పెంగ్విన్‌లో 16 రోజులు, ఫుల్మార్ అనే పెట్రెల్‌లో మూడు వారాలకు పైగా తేలింది. అనేక పెట్రెల్ జాతుల్లో ఆడది జత కట్టాక గూడు వదిలి రెండు మూడు వారాలు సముద్రం మీదికి పోయి గుడ్డుతోనే తిరిగొస్తుంది. ఆ రోజులకూ ఈ వలయాల లెక్కకూ పొంతన కుదురుతుంది. గుడ్డు తయారయ్యేది గూటి దగ్గర కాదు, దూరపు మేత నీళ్ల మీద.

కాబట్టి గుడ్డును పరీక్షిస్తే ఆ నీళ్ల వివరం తెలుస్తుంది. చేప తిన్న తల్లి పచ్చసొనలో ఒమేగా 3 కొవ్వులు ఎక్కువ. క్రిల్ తిన్న పెంగ్విన్ పచ్చసొన ఎర్రగా ఉంటుంది, ఆ రంగు రొయ్య జాతుల్లోని ఆస్టాజాంథిన్‌ది. పెంగ్విన్ తెల్లసొన ఉడికించినా తెల్లగా గట్టిపడకుండా జెల్లీలా పారదర్శకంగా ఉండిపోతుంది, అందులోని ప్రొటీన్లు కోడిగుడ్డు ప్రొటీన్ల కంటే వేరు. కార్బన్, నైట్రోజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి చూస్తే తల్లి తీరం దగ్గర మేసిందా నడిసముద్రంలో మేసిందా, చిన్న చేపలు తిన్నదా పెద్దవి తిన్నదా అన్నది చెప్పవచ్చు.

మంచితో పాటు చెడు కూడా ఇదే దారిన వస్తుంది. కొవ్వులో కరిగే విషాలు తల్లి ఒంటి నుంచి పచ్చసొనలోకి దిగుతాయి. పాదరసం ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది కనుక ఎక్కువగా తెల్లసొనలో చేరుతుంది. డీడీటీ నుంచి పుట్టే డీడీఈ అనే పదార్థం ఇంకో రకంగా దెబ్బతీసింది. పెంకు తయారయ్యే గ్రంథిలో కాల్షియం సరఫరాను అది అడ్డుకుంటుంది. పెంకు పలచబడుతుంది. గూడబాతుల వర్గానికి ఇది ఎందుకు అంత ఘోరంగా తగిలిందంటే, వాటికి గుడ్డును వేడిచేసే పొట్ట కింది బోసి చర్మం ఉండదు, పొరల పాదాలను గుడ్డు మీద పెట్టి పొదుగుతాయి. నాలుగు కిలోల ఒళ్లు పలచని పెంకు మీద నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 1970లో వందల గూళ్లు కట్టిన బ్రౌన్ పెలికన్లకు ఒకే ఒక్క పిల్ల దక్కింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. ఆ పక్షి కోలుకుని 2009లో అంతరించిపోయే జాతుల జాబితా నుంచి బయటపడింది. పెంకు మందం కొలవడం అనే చిన్న పని ఇంత దూరం తీసుకెళ్లింది.

నేలపట్టులో ఇదంతా ఎలా వర్తిస్తుంది? అక్కడి గూడబాతులు ఈశాన్య రుతుపవనాల వానకు చెరువులు నిండాకే గూళ్లు మొదలుపెడతాయి. అక్టోబరు, నవంబరు నెలల వాన తక్కువైన ఏడాది గూళ్ల సంఖ్య పడిపోతుంది. పచ్చసొన తయారయ్యేది గుడ్డు పెట్టే ముందు కొద్ది వారాల్లోనే కాబట్టి, ఆ వారాల్లో పులికాట్‌లో చేప ఎంత ఉందన్నది కీలకం. సరస్సులోకి సముద్రపు నీరు వచ్చిపోయే రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే చేపపిల్ల లోపలికి రాదు, ఉప్పదనం గతి తప్పుతుంది. జాలర్ల వలలు ఖాళీగా వచ్చే ఏడాది గూడబాతు సంచి కూడా ఖాళీగానే ఉంటుంది. గుడ్డు చవక కనుక గూడబాతు పెట్టడం మానకపోవచ్చు. గూళ్ల లెక్క మాత్రమే రాసుకుంటే పరిస్థితి బాగానే ఉన్నట్టు కనిపించి, నష్టం ఆ తర్వాత పిల్లల సంఖ్యలో బయటపడుతుంది. టెర్న్ అలా కాదు. దానికి గుడ్లు ఖరీదు. మేత తగ్గితే మూడో గుడ్డు చిన్నదవుతుంది, లేదా అసలు పెట్టదు. సరస్సు ఆరోగ్యం క్షీణిస్తే ముందుగా తెలిసే అవకాశం ఎక్కువగా ఉన్నది టెర్న్ గూటిలోనే.

గుడ్లు తీసి పగలగొట్టి చూడటం కుదరదు, కుదరకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కానీ అనుమతితో, గూటి దగ్గర కొద్ది నిమిషాలు మాత్రమే ఉండి, గుడ్డు పొడవు, వెడల్పు కొలవచ్చు. పొడవును వెడల్పు వర్గంతో గుణించి 0.51తో హెచ్చిస్తే గుడ్డు ఘనపరిమాణం దాదాపు సరిగా వస్తుంది. అయితే ఒకే జాతిలో పెద్ద గుడ్డుకు అదనంగా ఉండేది చాలావరకు తెల్లసొన, అంటే నీళ్లు. పచ్చసొన అంతగా పెరగదు. కాబట్టి కొలత ఒక్కటే సరిపోదు. పిల్ల వచ్చాక గూటిలో పడి ఉన్న పెంకు ముక్కలు మందం కొలవడానికి, ఐసోటోపుల పరీక్షకు పనికొస్తాయి. పొదగక మురిగిపోయిన గుడ్లను అటవీశాఖ అనుమతితో సేకరిస్తే లోపలి కొవ్వులో విషాలు, పాదరసం తెలుస్తాయి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, కోడిగుడ్డు పెంకు మందం కొలవడం ఆ రంగంలో మామూలు పని. ఐసర్ అనే జాతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ 2015 నుంచి అక్కడే పనిచేస్తోంది. నేలపట్టు అక్కడి నుంచి కొద్ది గంటల ప్రయాణం. కొలవాల్సినవి మూడే: గూడబాతు పెంకు మందం, టెర్న్ మూడో గుడ్డు ఘనపరిమాణం, మురిగిన గుడ్ల తెల్లసొనలో పాదరసం. వాటి పక్కన అక్టోబరు, నవంబరు వాన లెక్క, ముఖద్వారం తెరుచుకుని ఉందా లేదా అన్నది ఏటా రాసుకుంటూ పోతే చాలు.